గంజాయి సమాచారం చెప్పే ముందు జాగ్రత్తలు

ఇచ్ఛాపురం, పలాస వైపు గంజాయి రవాణా కనబడితే ఆంధ్రప్రదేశ్ పోలీసుల మత్తుమందుల నిరోధక విభాగం ‘ఈగల్’ నంబరు 1972కు ఫోను చేయండి. మీ వివరాలు గోప్యంగా ఉంచుతారు. చేసే ముందు ఇవి చూసుకోండి.

– కళ్లారా చూసిందేదో, విన్నదేదో విడదీసుకోండి. "ఎవరో సంచులతో తిరుగుతున్నారు" అంటే చాలదు. బండి నంబరు, రంగు, సమయం, ఎటు వెళ్లింది, రైల్వే స్టేషనైతే ఏ ప్లాట్‌ఫారం: ఇవి కాగితం మీద రాసుకోండి.

– ఫొటో కోసం దగ్గరికి వెళ్లకండి.

– టీ కొట్టు దగ్గరో, వీధి అరుగు మీదో మాట్లాడకండి. తరవాత తోడల్లుడికైనా చెప్పవద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. చాలాసార్లు పేరు బయటపడేది మన నోటి నుంచే.

– గట్టు తగాదా కక్షతో ఒకరిని ఇరికించకండి. తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద నేరం.

– ఎవరి ప్రాణానికైనా ముప్పుంటే వెంటనే 112.