బిడ్డకు పాలు చాలడం లేదనిపిస్తే: మొదటి నలభై రోజుల్లో సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కాన్పు జరిగి వారం దాటకముందే దాదాపు ప్రతి పురిటింట్లోనూ ఒక మాట వినిపిస్తుంది: ‘‘బిడ్డకు పాలు చాలడం లేదు.’’ ముందు అమ్మమ్మ అంటుంది, తరువాత చూడవచ్చిన చుట్టాలు అంటారు, చివరికి బాలింత తానే ఆ మాట నమ్మేస్తుంది. ఆ సాయంత్రానికి పాలపొడి డబ్బా ఇంటికి చేరుతుంది. నిజంగానే పాలు తక్కువగా ఉండే తల్లులు కొందరు ఉన్నారు, వారి సంగతి కింద విడిగా రాశాను. ఎక్కువ ఇళ్ళలో మాత్రం పాలు ఉంటాయి, బిడ్డే వాటిని సరిగా తాగలేకపోతుంది. బిడ్డ తాగకపోతే రొమ్ము ఖాళీ కాదు, రొమ్ము ఖాళీ కాకపోతే కొత్త పాలు ఊరవు. ఈ స్థితిలో డబ్బా పాలు పడితే బిడ్డ రొమ్ము పట్టడం ఇంకా తగ్గుతుంది, దానితోపాటే ఉన్న పాలూ తగ్గుతాయి. అందువల్ల డబ్బా తెప్పించే ముందు అసలు కారణం ఎక్కడుందో వెతకడం మంచిది.

ముందుగా తేల్చుకోవలసినది: పాలు నిజంగా చాలడం లేదా?

బిడ్డ ఏడుపును బట్టి ఈ సంగతి తేలదు. ఆకలి ఒక్కటే కాదు, తడి, ఉక్క, నిద్ర, ఒళ్ళో ఉండాలన్న కోరిక, ఇవన్నీ పసికందును ఏడిపిస్తాయి. రొమ్ములు మెత్తగా ఉన్నాయనో, పంపుతో తీస్తే కొంచెమే వచ్చాయనో పాలు లేవని తీర్మానించడం కూడా సరికాదు, ఎందుకంటే నోరు సరిగా పట్టిన బిడ్డ తీసుకోగలిగినన్ని పాలు పంపు తీయలేదు.

నమ్మదగిన లెక్కలు రెండే: మూత్రం, బరువు. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, ఇలా పెరుగుతూ ఐదో రోజు నుంచి ఇరవై నాలుగు గంటల్లో కనీసం ఆరుసార్లు బిడ్డ గుడ్డ తడపాలి, ఆ మూత్రం లేత రంగులో ఉండాలి. మొదట్లో నల్లగా జిగటగా వచ్చే విరేచనం నాలుగైదు రోజుల్లో ఆకుపచ్చకు, తరువాత పసుపు రంగుకు మారాలి. పుట్టిన బరువులో కొంత మొదటి రోజుల్లో తగ్గడం సహజమే. 3 కిలోల బిడ్డ 200 గ్రాములు తగ్గితే కంగారు అక్కరలేదు గాని, 300 గ్రాములు, అంటే పదోవంతు తగ్గితే ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించాలి. పుట్టినప్పటి బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి, ఆ తరువాత మూడు నెలల వరకు రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి.

మా చెల్లెలి కాన్పు తరువాత తొమ్మిదో రోజున ఇంట్లో ఇదే వాదన వచ్చింది. అమ్మ డబ్బా తెప్పించమంది, చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా మరిది ఏమీ అనకుండా గోడ మీది తెలుగు క్యాలెండరు దగ్గరకు వెళ్ళి, ఆ రోజు తిథి పక్కన పెన్సిల్‌తో ఒక గీత గీశాడు. బిడ్డ గుడ్డ తడిపిన ప్రతిసారీ ఒక్కొక్క గీత పెడుతూ పోయాడు. మర్నాటి ఉదయానికి తొమ్మిది గీతలు కనిపించాయి. వాటిని చూసి అమ్మ మళ్ళీ డబ్బా ఊసెత్తలేదు. ఏ ఇంట్లోనైనా ఇంతకంటే తేలికైన పరీక్ష ఉండదని నా నమ్మకం. డైపరు వాడితే ఎన్నిసార్లు తడిసిందో తెలియదు కాబట్టి లెక్క పెట్టాలనుకున్న రెండు రోజులూ పాత నూలుగుడ్డలే వాడండి.

సమస్య: మూడో రోజు వచ్చినా పాలు పడలేదు

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి చిక్కగా, పసుపు రంగులో ఉండే ముర్రుపాలు. పరిమాణం చాలా తక్కువ. మొదటి రోజు ఒక్కో విడతకు 2 నుంచి 10 మిల్లీలీటర్లు వస్తే అది బిడ్డకు సరిపోతుంది. ఇవి చెడ్డపాలని పిండి పారబోసే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. వ్యాధుల నుంచి బిడ్డను కాపాడే పదార్థాలు ఈ చుక్కల్లోనే అధికంగా ఉంటాయి కనుక ఒక్క చుక్క కూడా వృథా చేయకూడదు.

ఆపరేషన్ కాన్పయితే పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు ఆపరేషన్‌తో జరిగాయి, కాబట్టి ఈ ఆలస్యం మన ప్రాంతంలో ఎన్నో ఇళ్ళకు తెలిసిన విషయమే. మత్తు, నొప్పి, బిడ్డను వేరే గదిలో ఉంచడం, గంటల తరబడి రొమ్ముకు అందించకపోవడం ఇందుకు కారణాలు.

పరిష్కారం బిడ్డను తల్లి దగ్గరే ఉంచడం. పుట్టిన గంటలోపే రొమ్ముకు అందించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆపరేషన్ అయిన తల్లి కూడా పడుకుని ఉండగానే మరొకరు పట్టుకుంటే పాలివ్వగలదు. బిడ్డకు చొక్కా తొడగకుండా తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పండి. రాత్రిళ్ళతో కలిపి రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పట్టండి. బిడ్డ పట్టలేని స్థితిలో ఉంటే చేత్తో పిండి, చెంచాతో పట్టండి. తేనె, పంచదార నీళ్ళు, ఆముదం, గ్లూకోజు, ఇవేవీ నోట్లో వేయకండి. తేనె వల్ల ఏడాదిలోపు పిల్లలకు నరాలను స్తంభింపజేసే ప్రమాదకరమైన విషవ్యాధి రావచ్చు.

సమస్య: పాలిస్తుంటే ప్రాణం పోయేంత నొప్పి, చనుమొనలు చిట్లడం, గంటసేపు తాగినా బిడ్డకు ఆకలి తీరకపోవడం

ఈ మూడూ విడివిడిగా కనిపించినా సాధారణంగా మూలం ఒక్కటే: బిడ్డ చనుమొనను మాత్రమే పట్టుకుని చప్పరిస్తోంది. పాలు చనుమొనలో ఉండవు. దాని చుట్టూ ఉన్న నల్లని వలయంలో చాలా భాగం బిడ్డ నోట్లోకి వెళ్ళి, నాలుక కింది నుంచి నొక్కినప్పుడే పాలు ధారగా వస్తాయి. మొదటి కాన్పులో నొప్పి మామూలే, ఓర్చుకోవాలి అని చెప్పే పెద్దల మాట ఈ ఒక్క విషయంలో వినవద్దని కోరుతున్నాను. మొదటి కొన్ని క్షణాల లాగుడు తప్ప, తాగుతున్నంతసేపూ నొప్పి ఉంటే పట్టు తప్పిందనే అర్థం.

సరిచేసే పద్ధతి ఇది. తల్లి వీపుకు, మోచేతికి దిండ్లు పెట్టుకుని నడుము వాల్చి కూర్చోవాలి. బిడ్డ తలను మాత్రమే తిప్పకుండా, మొత్తం శరీరాన్ని తల్లి వైపు తిప్పాలి. చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండాలి, బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనుకోవాలి. చనుమొనను బిడ్డ పై పెదవికి తాకిస్తూ ఆవులించినంత వెడల్పుగా నోరు తెరిచే వరకు ఆగాలి. తెరవగానే బిడ్డను రొమ్ము దగ్గరకు తీసుకురావాలి గాని, రొమ్మును బిడ్డ నోట్లో కుక్కకూడదు. పట్టు కుదిరితే గడ్డం రొమ్ముకు ఆనుతుంది, కింది పెదవి బయటకు మడుచుకుంటుంది, నల్లని వలయం పైభాగం కింది భాగం కంటే ఎక్కువగా కనిపిస్తుంది. కొద్ది నిమిషాల్లోనే చప్పరింపు నెమ్మదించి, చెవి దగ్గర పెట్టి వింటే మింగుతున్న చిన్న శబ్దం వినిపిస్తుంది. అప్పటికీ నొప్పి ఉంటే లాగేయకుండా చిటికెన వేలు బిడ్డ నోటి మూలన పెట్టి పట్టు విడిపించి, మళ్ళీ మొదలుపెట్టండి. ఒక పూటలో ఇలా ఐదారుసార్లు చేయవలసి వచ్చినా విసుగు పడవద్దు.

చిట్లిన చోట తాగడం అయ్యాక నాలుగు చుక్కల తల్లిపాలే రాసి గాలికి ఆరనివ్వండి. పాలిచ్చే ప్రతిసారీ సబ్బుతో కడిగితే చర్మం ఇంకా పొడిబారుతుంది. పట్టు సరిగా ఉన్నా నొప్పి తగ్గకపోతే, బిడ్డ నాలుక ముందుకు రాకుండా కింద పొర బిగుసుకుని ఉందేమో పిల్లల వైద్యుల చేత చూపించండి.

సమస్య: పగలంతా బాగానే ఉండి, సాయంత్రం నుంచి విడవకుండా తాగుతూ ఏడవడం

రెండు మూడు వారాల వయసులోనూ, మళ్ళీ ఆరు వారాల ప్రాంతంలోనూ బిడ్డ ఎదుగుదల వేగం పుంజుకుంటుంది. అప్పుడు రెండు మూడు రోజులపాటు గంటకొకసారి పాలు అడుగుతుంది. ఎంత ఎక్కువ తాగితే అన్ని పాలు ఊరుతాయి కాబట్టి, రేపటి పాలను బిడ్డ ఈ రోజే అడిగి పుట్టించుకుంటోందన్నమాట. ఇంటివారు డబ్బా పట్టేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. బదులుగా ఆ సాయంత్రాలు వంట, బట్టలు, వచ్చేపోయే వాళ్ళ మర్యాదలు ఇంకొకరు చూసుకుని, తల్లికి ఆ మూల గదిని వదిలేయండి. నీళ్ళ చెంబు, తినడానికి ఏదో ఒకటి చేతికందేలా పెట్టండి.

సమస్య: రొమ్ము రాయిలా గట్టిపడటం, గడ్డ, జ్వరం

పాలు నిండి బయటకు పోనప్పుడు రొమ్ము గడ్డకడుతుంది. పాలిచ్చే ముందు గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డను కొద్ది నిమిషాలు వేసి, బిగిసిన వలయం మెత్తబడేలా కొంచెం చేత్తో పిండి, ఆ తరువాత బిడ్డను పట్టించండి. తాగడం అయ్యాక చల్లని గుడ్డ వేయండి. ఒకచోట ఎర్రగా కంది, చలితో జ్వరం వస్తే ఇన్ఫెక్షన్ కావచ్చు. వైద్యులు మందు రాస్తారు. అప్పుడు కూడా ఆ వైపు పాలివ్వడం ఆపకూడదు, ఆపితే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. రొమ్ముకు మల్లెపూలు కట్టడం పాలు ఇంకిపోవడానికి చేసే పని, వాపు తగ్గుతుందని బిడ్డకు పాలిస్తున్న తల్లికి కట్టకండి.

సమస్య: పట్టు సరిగానే ఉంది, అయినా బరువు పెరగడం లేదు

ఇది నిజమైన కొరత. కారణాలు కొన్ని ఒంట్లో ఉంటాయి: థైరాయిడ్ లోపం, కాన్పులో అధిక రక్తస్రావం, మాయ ముక్క లోపల మిగిలిపోవడం, పీసీఓఎస్ అనే అండాశయాల హార్మోను సమస్య, గతంలో రొమ్ముకు జరిగిన శస్త్రచికిత్స. వీటిని వైద్యులే తేల్చాలి. రక్తపరీక్ష వాయిదా వేసి పాలు పెరిగే పొడులు కొనుక్కుంటూ వారాలు గడపడం బిడ్డకు అన్యాయం.

మరో కారణం వంటింట్లో ఉంటుంది. బాలింత పథ్యం పేరిట నీళ్ళు తగ్గించడం, మధ్యాహ్నం ఒక పూట కారప్పొడి అన్నంతో సరిపెట్టడం, కూరగాయలు, పళ్ళు మాన్పించడం ఇప్పటికీ చూస్తున్నాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ మామూలు కంటే రోజుకు 600 కిలోక్యాలరీలు అదనంగా కావాలి. అది దాదాపు ఇంకో పూట భోజనం. అయితే మన పెద్దవాళ్ళ వంటల్లో తోసిపుచ్చలేనివి కూడా ఉన్నాయి. తెలగపిండి, మునగాకు కలిపి వండిన కూర, వెల్లుల్లి కారం, చేపలు తినేవారికి సొర పుట్టు తల్లికి మాంసకృత్తులనో, రుచినో, రెండింటినో ఇచ్చి కడుపు నిండా తినిపిస్తాయి. వాటిని ఆనందంగా పెట్టండి, నీళ్ళు మాత్రం దాహం తీరా తాగనివ్వండి.

ఈలోగా బిడ్డ కడుపు మాడ్చకూడదు. ముందు రెండు రొమ్ములూ పట్టించి, తరువాత పిండిన పాలు ఇచ్చి, అప్పటికీ చాలకపోతే వైద్యుల సలహాతో డబ్బా పాలు పట్టండి. దానికి సీసా వద్దు, మన ఉగ్గుగిన్నె చాలు: బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, గిన్నె మూతిని బిడ్డ కింది పెదవి మీద ఆనించి, మింగిన తరువాతే మళ్ళీ కొంచెం వంచండి. డబ్బా మీద రాసిన కొలతే పాటించండి. పొడి మిగలాలని ఎక్కువ నీళ్ళు కలిపితే కడుపు నిండినట్టే ఉండి బిడ్డ బరువు తగ్గుతుంది. ఇలా డబ్బా పాలు పట్టవలసి వచ్చిన తల్లిని ఎవరూ నిందించకండి.

సమస్య: బిడ్డ పసుపుగా మారి, తాగకుండా నిద్రపోతూనే ఉండటం

రెండు మూడు రోజులకు మొదలై రెండు వారాల్లో తగ్గే కామెర్లు చాలామంది పిల్లల్లో కనిపిస్తాయి. పాలు తక్కువ తాగితే ఇవి పెరుగుతాయి, పెరిగితే బిడ్డ మత్తుగా ఉండి ఇంకా తక్కువ తాగుతుంది. అందువల్ల మూడు గంటలు దాటితే పొత్తిగుడ్డ విప్పి, అరికాళ్ళు నిమిరి లేపి తాగించాలి. లేత ఎండలో పెడితే తగ్గుతుందని ఇంట్లోనే ఉంచుకోవద్దు; ఆసుపత్రిలో నీలికాంతి కింద పెట్టడమే వైద్యం. పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపే పసుపు కనిపించినా, అరచేతులు, అరికాళ్ళు పసుపెక్కినా అదే రోజు వెళ్ళండి.

వెంటనే బయలుదేరవలసిన స్థితి

బిడ్డ తాగడం పూర్తిగా మానేసినా, ఎనిమిది గంటలుగా గుడ్డ తడవకపోయినా, మాడు లోతుకు పోయినా, జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినా, ఒళ్ళు చల్లబడినా, నిమిషానికి అరవై, అంతకు మించి ఊపిరి తీస్తున్నా, ఫిట్స్ వచ్చినా తెల్లవారే దాకా ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేకుండా అనుమానం మాత్రమే ఉంటే ఆశా కార్యకర్తను పిలవండి. ఆసుపత్రి కాన్పయిన బిడ్డను చూడటానికి ఆమె 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి, తూకం కూడా వేయాలి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు బిడ్డను తల్లి ఛాతీకి నేరుగా ఆనించి, తలకు టోపీ పెట్టి, పైన దుప్పటి కప్పండి. మింగగలిగే స్థితిలో ఉంటే దారిలో కూడా పాలిస్తూనే ఉండండి.