అద్దె ఇల్లు ఎంత అప్పు మోస్తుంది? రెండో ఇల్లు కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క

హైదరాబాద్‌లో 50 లక్షల టూ బీహెచ్‌కే ఫ్లాట్‌కు నెలకు 15 వేలు అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి 1.8 లక్షలు, అంటే ధర మీద 3.6 శాతం. హోమ్ లోన్ వడ్డీ 8.5 శాతం అనుకుందాం. ‘అద్దెతోనే ఈఎంఐ వెళ్లిపోతుంది’ అనే ఏజెంటు ముందు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే చాలు, మాట మారుస్తాడు. అద్దె మొదటి ఆరేడేళ్లు ఈఎంఐకి సాయం మాత్రమే చేస్తుంది. రెండో ఇంటికి దారి వేసేది మొదటి ఇంటి అప్పును మీరు ఎంత త్వరగా తగ్గిస్తారన్నదే.

చేతి డబ్బు ఎంత పడుతుంది

రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం లోన్ 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం, 75 లక్షలు దాటితే 75 శాతం ఇవ్వొచ్చు. 50 లక్షల ఫ్లాట్‌కు 40 లక్షల లోన్ వస్తే పది లక్షలు మన చేతి నుంచి పెట్టాలి. అక్కడితో అయిపోలేదు. స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సుమారు 7.5 శాతం, అంటే 3.75 లక్షలు. ఇది లోన్‌లో కలవదు. బ్రోకర్‌కు ఒక శాతం, బ్యాంకు ప్రాసెసింగ్, లీగల్ ఒపీనియన్ ఖర్చులు, పెయింటింగ్, ప్లంబింగ్, గీజర్, ఫ్యాన్లు అన్నీ కలిపితే ఇంకో రెండు లక్షల పైమాటే. మొత్తం 16 లక్షలు చేతిలో లేనిదే బయానా ఇవ్వకండి. ఈ లెక్క తప్పినవాళ్లే రిజిస్ట్రేషన్‌కు వారం ముందు పర్సనల్ లోన్ కోసం తిరుగుతారు.

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకు ఇచ్చే డబ్బులో ఒక శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపన్ను) పట్టుకుని మీరే ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే ఒక శాతం సరిపోదు, చాలా ఎక్కువ పట్టుకోవాలి. ఇది తెలియక పూర్తి డబ్బు ఇచ్చేస్తే తర్వాత ఆ పన్ను, దాని మీద వడ్డీ కొన్నవాళ్ల మెడకు చుట్టుకుంటాయి. నిర్మాణంలో ఉన్న ఫ్లాట్ కొంటే 5 శాతం జీఎస్టీ అదనం. ఓసీ (నివాసానికి సిద్ధమని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చిన తర్వాత కొంటే జీఎస్టీ లేదు. పైగా అద్దె వచ్చే నెలే మొదలవుతుంది. అద్దె కోసమే కొనేవాళ్లకు ఓసీ ఉన్న ఇల్లే మేలని మా అభిప్రాయం.

ఇల్లు మోయగల అప్పు

40 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ 34,713 రూపాయలు. మొదటి నెల అందులో 28,333 వడ్డీకే పోతుంది. ఇక అద్దె సంగతి. ఏడాదిలో ఒక నెల ఖాళీ పోతుందనుకోండి. ఇంటిపన్ను, చిన్నాచితకా రిపేర్లు, రెండుమూడేళ్లకోసారి రంగులు తీసేస్తే 1.8 లక్షల్లో మిగిలేది 1.45 లక్షలు. నెలకు 12 వేలు. అంటే నెలనెలా 22,600 జీతంలోంచి వేసుకోవాలి.

పై షరతులతో లక్ష అప్పుకు ఈఎంఐ 868 రూపాయలు. 12 వేలను 868తో భాగిస్తే 13.8 వస్తుంది. ఈ ఇల్లు తనంతట తాను మోయగల అప్పు దాదాపు 14 లక్షలన్నమాట. ఏ ఇల్లు చూసినా ముందు ఈ ఒక్క భాగహారం చేయండి. మిగతా అప్పు మోయాల్సింది మీ జీతమే.

ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న హోమ్ లోన్‌ను ముందే కడితే బ్యాంకులు పెనాల్టీ వేయకూడదు. అందుకే బోనస్ వచ్చినప్పుడో, చిట్టీ ఎత్తినప్పుడో ఏడాదికి రెండు లక్షలు అసలుకు జమ చేయండి. ఆరేళ్లకు బాకీ 19 లక్షలకు దిగుతుంది. అదే ఈఎంఐ మాత్రమే కడుతూ పోతే ఏడేళ్లకు కూడా 32.7 లక్షలు మిగిలే ఉంటుంది. ఈలోగా అద్దె ఏటా 5 శాతం పెరిగితే 20 వేలకు చేరుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఒకటుంది. ముందస్తు చెల్లింపు చేస్తే బ్యాంకు మామూలుగా గడువు తగ్గిస్తుంది, ఈఎంఐ అలాగే ఉంచుతుంది. వడ్డీ ఆదాకు అదే మంచిది. కానీ రెండో లోన్‌కు అర్హత చూసేటప్పుడు బ్యాంకు లెక్కేసేది ఈఎంఐనే. కాబట్టి రెండో ఇల్లు కొనే ఏడాది బ్రాంచికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, గడువు మొదట ఉన్నట్టే ఉంచి ఈఎంఐ తగ్గించమనండి. 19 లక్షల బాకీకి మిగిలిన 14 ఏళ్లకు ఈఎంఐ సుమారు 19,400 అవుతుంది. ఖర్చులు తీయకముందు వచ్చే అద్దెకు దగ్గరదగ్గర సమానం.

చేతికొచ్చే జీతం లక్ష అనుకుందాం. అన్ని ఈఎంఐలూ కలిపి సగం దాటకూడదని బ్యాంకు లెక్కేస్తే, పాత 34,713 ఉన్నప్పుడు కొత్త లోన్ 17 లక్షల చిల్లర మాత్రమే వస్తుంది. 19,400కి దిగాక అదే జీతానికి 35 లక్షలు వస్తుంది. నెలకు 12 వేల కారు లోన్ ఉంటే ఇందులోంచి దాదాపు 14 లక్షల అర్హత తుడిచిపెట్టుకుపోతుంది. అద్దె ఆదాయాన్ని బ్యాంకు కొంతైనా కలుపుకోవాలంటే అది బ్యాంకు ఖాతాలోకి రావాలి, ఆదాయపన్ను రిటర్నులో కనిపించాలి. చేతికి తీసుకున్న అద్దె ఈ లెక్కలో సున్నా.

ఇంటికి ఆరు ఈఎంఐల చొప్పున ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పక్కన పెట్టందే రెండో దాని జోలికి పోవద్దు. ఒకే నెలలో రెండు ఇళ్లూ ఖాళీ అయిన రోజు దాని విలువ తెలుస్తుంది.

కొత్త ఫ్లాట్ కన్నా పైఅంతస్తు

సొంత స్థలంలో ఇల్లున్నవాళ్లకు ఇంతకంటే మెరుగైన దారి ఉంది. వెయ్యి చదరపు అడుగుల పైఅంతస్తుకు అడుగుకు 2,000 చొప్పున 20 లక్షలు అవుతుందనుకుందాం. రెండు సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్లు తొమ్మిదేసి వేలకు ఇస్తే ఏడాదికి 2.16 లక్షలు, అంటే 10.8 శాతం. స్థలానికి మళ్లీ డబ్బు పెట్టక్కర్లేదు కాబట్టే ఈ తేడా. ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుతో పునాదులు, పిల్లర్లు చూపించండి. పైఅంతస్తుకు మంజూరైన ప్లాన్ లేకపోతే బ్యాంకు లోన్ ఇవ్వదు. ప్లాన్ ఉండి ఇచ్చినా పిల్లర్లు, శ్లాబు, గోడలు, ఫినిషింగ్ అని విడతలుగానే విడుదల చేస్తుంది. అందుకని మేస్త్రీకి ఇవ్వడానికి నాలుగైదు లక్షలు ఎప్పుడూ చేతిలో ఉండాలి. పోర్షన్‌కో కరెంటు మీటరు పెట్టించండి. రెండు కుటుంబాలకు ఒకే మీటరుంటే యూనిట్లు కలిసి ఎక్కువ రేటు శ్లాబులోకి వెళ్తాయి, ప్రతి నెలా పంచాయితీ తప్పదు.

కాగితాల్లో కొంపముంచేవి

అపార్ట్‌మెంట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు జీహెచ్ఎంసీ నిర్మాణంలో 10 శాతం వైశాల్యాన్ని తనఖా పెట్టించుకుంటుంది, ఓసీ వచ్చాకే విడిపిస్తుంది. బిల్డర్లు ఆ ఫ్లాట్లను కూడా చవగ్గా అమ్మజూపుతుంటారు. మంజూరు ప్లాన్ తెప్పించి, తనఖా వివరాల్లో మీ ఫ్లాట్ నంబరు ఉందేమో వెతకండి. ప్లాన్‌లో లేని పైఅంతస్తును ‘పెంట్‌హౌస్’ అని తక్కువకిస్తే అద్దె రావచ్చు గానీ, దాని మీద లోన్ పుట్టదు, రేపు అమ్మినా కొనేవాళ్లకు లోన్ పుట్టదు.

ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 30 ఏళ్లకు తీయించండి. టైటిల్ డీడ్స్ బ్యాంకులో పెట్టి తీసుకున్న అప్పు కొన్నిసార్లు ఈసీలో కనబడదు, అందుకని బ్యాంకు తనఖాలు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్ వెబ్‌సైట్‌లో కూడా వెతకాలి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ రాకముందే అమ్మే ‘ప్రీ లాంచ్’లు, ‘నెలనెలా గ్యారంటీ అద్దె’ ఇస్తామనే స్కీములు చిన్న ఇన్వెస్టరుకు పనికిరావు. గ్యారంటీ అద్దె చాలాచోట్ల మీ దగ్గర ఎక్కువ పుచ్చుకున్న ధరలోంచి తిరిగిచ్చేదే.

పన్ను

వచ్చిన అద్దెలోంచి మీరు ఆ ఏడాది కట్టిన ఇంటిపన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయింపు ఇస్తారు. మీకు ఎంత ఖర్చయిందని అడగరు. మన ఉదాహరణలో 1.8 లక్షల్లో ఎనిమిది వేల ఇంటిపన్ను పోగా మిగిలిన 1.72 లక్షల్లో 30 శాతం తీసేస్తే 1,20,400 అవుతుంది. మొదటి ఏడాది వడ్డీ 3.37 లక్షలు, అంటే 2.17 లక్షల నష్టం. పాత పన్ను విధానంలో రెండు లక్షల దాకా జీతంలోంచి తగ్గించుకుని, మిగతాది ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు. కొత్త విధానంలో జీతంతో సర్దుబాటు లేదు, ముందుకు తీసుకెళ్లడం లేదు. ఒక ఇంటి నష్టాన్ని ఇంకో ఇంటి అద్దెతో సర్దుకోవచ్చు, అంతే. కాబట్టి ‘ట్యాక్స్ కలిసొస్తుంది కదా’ అని పెద్ద లోన్ తీసుకునే ముందు మీరు ఏ విధానంలో ఉన్నారో చూసుకోండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు ఒక మాట. ఎన్నారై ఓనరుకు కట్టే అద్దెలో కిరాయిదారు సెస్‌తో కలిపి 31.2 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. పది వేల అద్దెకైనా ఇదే. అగ్రిమెంట్‌లోనే ఇది రాయించండి. తక్కువ ఆదాయం ఉంటే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, లేదా ముందే తక్కువ రేటు సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు.