కోర్టు పనులు నేర్చుకుందాం – 4వ పాఠం: ఫీజు కట్టలేనప్పుడు లాయరును అడిగే పద్ధతి

పోయిన పాఠంలో సమన్ల కాగితం చదవడం నేర్చుకున్నాం. కేసు నంబరు, కోర్టు పేరు, వాయిదా తేదీ నోటు పుస్తకంలో రాసుకున్నారు కదా, ఇవాళ వాటితోనే పని.

ఉచిత లాయరు అనగానే మనవాళ్లు ముందు అడిగేది "తెల్ల కార్డు ఉందా?" అని. చట్టం అడిగేది అది కాదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12లో అర్హుల జాబితా ఉంది. అందులో ఆదాయం మాట వచ్చేది చిట్టచివర. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పరిశ్రమల కార్మికులు, వెట్టిచాకిరీ బాధితులు, వరదల్లాంటి విపత్తుల్లో నష్టపోయినవాళ్లు, కస్టడీలో ఉన్నవాళ్లు – వీళ్లెవరికీ ఆదాయంతో నిమిత్తం లేదు. భర్త గవర్నమెంటు టీచరైనా సరే, మనోవర్తి కేసు వేసే భార్యకు ఈ సాయం హక్కుగా వస్తుంది. కేసులో కాస్తయినా పస ఉందా లేదా అన్నది మాత్రం చూస్తారు.

ఈ జాబితాలో లేనివాళ్లకే ఆదాయ పరిమితి. అది ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 3 లక్షలు, సుప్రీంకోర్టులో కేసు అయితే 5 లక్షలు. రుజువుగా మామూలుగా అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే కాగితం) చాలని సెక్షన్ 13 చెబుతోంది, అనుమానించడానికి కారణం ఉంటే తప్ప. కాబట్టి ఆదాయ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా దరఖాస్తు ఆపకండి. సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు వేయాలి, కోర్టు దయతలిస్తే మొత్తం 90 రోజుల దాకా. సర్టిఫికెట్ కోసం తిరుగుతూ ఉంటే ఆ గడువు కాస్తా అయిపోతుంది.

క్రిమినల్ కేసు దారి వేరు. అరెస్టయినవాణ్ణి రిమాండు కోసం మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టినప్పుడే, లాయరును పెట్టుకునే హక్కు ఉందనీ స్తోమత లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో ఇస్తామనీ మేజిస్ట్రేటే చెప్పాలి. అలా చెప్పకపోతే విధి తప్పినట్టేనని 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు అంది. ముంబయి దాడుల నిందితుడికి వర్తించిన సూత్రం మన వీధిలో కొట్లాట కేసుకు వర్తించదా?

"అతను అడగలేదు, అందుకే ఇవ్వలేదు" అన్న సాకు చెల్లదు. అరుణాచల్ ప్రదేశ్‌లో సుక్ దాస్ అనే వ్యక్తికి లాయరు లేకుండానే విచారణ జరిపి శిక్ష వేశారు. హక్కు ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు, అతను అడగనూ లేదు. 1986లో సుప్రీంకోర్టు ఆ శిక్షనే కొట్టేసింది. క్రిమినల్ కేసులు నడిచే పద్ధతి చెప్పే ఇప్పటి చట్టం నాగరిక్ సురక్షా సంహితలో ఇదే ఏర్పాటు సెక్షన్ 341గా ఉంది. దానికి ముందున్న పాత చట్టం సీఆర్‌పీసీలోని సెక్షన్ 304 ప్రధానంగా సెషన్స్ కోర్టు విచారణల గురించే చెప్పేది, ఇప్పుడు ఏ కోర్టు విచారణైనా, అప్పీలైనా అందులోకి వస్తుంది.

ఎవరో చెప్తారని కూర్చోకుండా మీరే నోరు విప్పండి. ఈ మాటలు చాలు: "సార్, నాకు లాయరు లేరు. పెట్టుకునే స్తోమత లేదు. లీగల్ ఎయిడ్ లాయరును ఇప్పించండి." టెన్షన్‌లో మాట తడబడుతుంది, ఇంట్లోనే రెండుసార్లు పైకి అని చూసుకోండి.

సివిల్, కుటుంబ కేసుల వాళ్లు జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లాలి. చిన్న ఊళ్ల కోర్టుల్లో మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది. దారి తెలియకపోతే 15100కి ఫోన్ చేయండి. దరఖాస్తు ఇలా ఉంటే సరిపోతుంది (ఓ.ఎస్. అంటే ఒరిజినల్ సూట్, సివిల్ దావా):

"కార్యదర్శి గారికి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. అయ్యా, ఫలానా కోర్టులో నాపై ఓ.ఎస్. నంబరు ఫలానా దావా ఉంది. వాయిదా ఫలానా తేదీన. నేను మహిళను, సెక్షన్ 12(సి) కింద అర్హురాలిని. నా తరఫున న్యాయవాదిని నియమించి, కోర్టు ఖర్చులు కూడా భరించవలసిందిగా కోరుతున్నాను. సమన్ల నకలు, ఆధార్ నకలు జతపరిచాను."

అంతే. అత్తగారు ఏమన్నదీ, మరిది ఏం చేసిందీ ఇందులో వద్దు, అది రేపు లాయరు ముందు చెప్పుకోవాలి. రాయడం రానివాళ్లు నోటితో చెబితే ఆఫీసులో రాసుకుని వేలిముద్ర తీసుకుంటారు. ప్యానెల్‌లో, అంటే ఆ సంస్థ పెట్టుకున్న లాయర్ల జాబితాలో, మీకు నమ్మకమైన లాయరు ఉంటే ఆ పేరు కూడా రాయవచ్చు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం కార్యదర్శి గారిష్టం.

దరఖాస్తు అందిన 7 రోజుల్లోగా ఆఫీసు ఏదో ఒకటి తేల్చాలి. కాదంటే ఛైర్మన్‌కు, అంటే జిల్లా జడ్జి గారికే, అప్పీలు చేసుకోవచ్చు. వచ్చిన లాయరు మీ దగ్గర పైసా తీసుకోకూడదు. "ఖర్చులకి ఎంతో కొంత" అంటే మొహమాటపడకుండా కార్యదర్శికి రాసివ్వండి. వాయిదాలకు రాకపోయినా అంతే, లాయరును మార్చమని అడగవచ్చు.

అభ్యాసం: పైన ఇచ్చిన నమూనాలో మీ కేసు వివరాలు నింపి, ఎనిమిది వాక్యాలు దాటకుండా రాయండి. తోడికోడలి పేరు ఎక్కడైనా వచ్చిందేమో చూసి కొట్టేయండి. వచ్చే పాఠంలో వకాలత్నామా, అంటే మీ తరఫున వాదించమని లాయరుకు మీరు సంతకం పెట్టి ఇచ్చే కాగితం. ఆ లోపు ఎవరు అడిగినా ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి.