మైక్రోబయాలజీ, మెరైన్ బయాలజీ రెండూ ఇష్టమా? కెరీర్ ఇలా మొదలుపెట్టండి

ఈ రెండిట్లో ఏది ఎంచుకోవాలా అని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ఒకటి వదులుకోనక్కర్లేదు. ఒక్క ఎంఎల్ సముద్రపు నీటిలో సుమారు 10 లక్షల బ్యాక్టీరియా ఉంటాయి, వైరస్‌లు అంతకు పదింతలు. సముద్రమే పెద్ద మైక్రోబయాలజీ ల్యాబ్.

1. రోజూ చేసే పని నచ్చుతుందో లేదో చూసుకోండి

డాల్ఫిన్లతో ఈత ఊహించుకుని వచ్చేవాళ్లు త్వరగా నీరసపడతారు. పడవ ఎక్కేది కొన్ని రోజులే. మిగతా కాలమంతా ల్యాబ్‌లో, కంప్యూటర్ ముందు.

2. డిగ్రీ విశాలంగా, పీజీ లోతుగా

కోర్సు పేరు కాదు, సిలబస్ చూడండి. కెమిస్ట్రీ, జెనెటిక్స్, స్టాటిస్టిక్స్ తప్పక ఉండాలి. నన్నడిగితే డిగ్రీలో మైక్రోబయాలజీ చదివి, పీజీలో సముద్రం వైపు తిరగడం మేలు. మధ్యలో మనసు మారినా, ఆ ల్యాబ్ పని మందుల కంపెనీలోనూ పనికొస్తుంది.

3. చెయ్యి తిరిగేదాకా ప్రాక్టీస్ చేయండి

బ్యాక్టీరియాను లెక్కపెట్టడానికి శాంపిల్‌ను అంచెలంచెలుగా పలచన చేసే సీరియల్ డైల్యూషన్‌నే తీసుకోండి. 9 ఎంఎల్ స్టెరైల్ సముద్రపు నీటిలో 1 ఎంఎల్ శాంపిల్ కలిపితే పదింతలు పలచనవుతుంది. (మామూలు డిస్టిల్డ్ వాటర్ పోస్తే ఉప్పు తేడాకి కణాలు పగిలిపోవచ్చు.) అందులోంచి 0.1 ఎంఎల్ అగర్ ప్లేటు (బ్యాక్టీరియా పెరగడానికి జెల్లీ పోసిన పళ్లెం) మీద పరిచి, కొన్నాళ్లు ఆగి కాలనీలు, అంటే బ్యాక్టీరియా పెరిగి కనిపించే చుక్కలు, లెక్కపెట్టాలి. 30 నుంచి 300 మధ్య ఉన్న ప్లేటునే నమ్ముతాం. 85 వచ్చాయనుకోండి: 85 × 10 (పలచన చేసినందుకు) × 10 (0.1 ఎంఎల్ మాత్రమే పరిచినందుకు), అంటే ఎంఎల్‌కు 8,500.

మరి మొదట్లో 10 లక్షలన్నారు కదా? సముద్రపు బ్యాక్టీరియాలో నూటికి ఒకటి కూడా మామూలు ప్లేటు మీద పెరగదు. నేను మొదటిసారి ఈ తేడా చూసి లెక్క తప్పానేమోనని రెండుసార్లు మళ్లీ చేశాను.

4. కోడింగ్ నేర్చుకోండి

ప్లేటు మీద పెరగని ఆ మిగతావాటిని డీఎన్ఏ ద్వారానే పట్టుకోవాలి. ఆ డీఎన్ఏ డేటాను విశ్లేషించడానికి ప్రోగ్రామింగ్ భాషల్లో ఆర్ గానీ, పైథాన్ గానీ ఒకటి చాలు. టారా అనే పడవ మీద సముద్రాలు తిరిగిన టారా ఓషన్స్ పరిశోధన యాత్ర 2009-2013లో సేకరించిన శాంపిళ్ల డేటా ఉచితంగా దొరుకుతుంది. ల్యాబ్ లేకపోయినా దానితో చిన్న ప్రాజెక్టు చేయొచ్చు.

5. ప్రశ్న అడగడానికి మొహమాటపడొద్దు

1977లో సముద్రం అడుగున, వేడినీటి ఊటల దగ్గర, నోరూ పేగులూ లేని పెద్ద పురుగులు బయటపడ్డాయి. అవి ఏం తిని బతుకుతున్నాయో ఎవరికీ తెలియలేదు. వాటి ఒంట్లో గంధకం స్ఫటికాలున్నాయని ఒక ఉపన్యాసంలో చెప్పగానే, హార్వర్డ్ విద్యార్థిని కొలీన్ కావనా లేచి నిలబడి, లోపలున్న బ్యాక్టీరియాయే గంధకంతో తిండి తయారుచేస్తూ ఉండాలి అన్నారు. 1981లో ఆ పరిశోధన 'సైన్స్' అనే పత్రికలో వచ్చింది.

6. ఉద్యోగాల సంగతి

రొయ్యల హేచరీల్లో విబ్రియో (రొయ్యలకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) పరీక్షలు, బీచ్ నీటి పరీక్షలు, ఓడల బ్యాలస్ట్ నీటి (ఓడ నిలకడ కోసం లోపల నింపే నీరు) తనిఖీ, ఆహార కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్. పరిశోధనే కావాలంటే పీహెచ్‌డీ తప్పదు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు కాంట్రాక్టు పోస్టులకు సిద్ధపడాలి, పోటీ గట్టిగానే ఉంటుంది.

7. ఇంటర్న్‌షిప్ కోసం మెయిల్

"నాకు సముద్రమంటే ప్రాణం" అని రాయకండి, అందరూ అదే రాస్తారు. ఆ ప్రొఫెసర్ పేపర్ ఒకటి చదివి, అర్థంకాని ఒక్క విషయం అడగండి. మీకు చేతనైన పని ఏదో, ఏ నెలల్లో రాగలరో రెండు వాక్యాల్లో చెప్పండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే ఇంకో ల్యాబ్‌కి రాయండి.