లీచ్ సిమ్యులేషన్‌లో నోడ్లు చావకుండా సాగుతున్నాయా? ఖాళీ రౌండ్లు వెతకండి

వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్క్‌ల మీద ఎంటెక్ ప్రాజెక్టు గానీ పీహెచ్‌డీ గానీ చేసేవాళ్లలో చాలామంది లీచ్ (LEACH) అనే క్లస్టరింగ్ పద్ధతి దగ్గరే మొదలుపెడతారు. అందులో నోడ్లు, అంటే బ్యాటరీతో నడిచే చిన్న సెన్సర్లు, గుంపులుగా (క్లస్టర్లుగా) ఏర్పడతాయి. ప్రతి రౌండులో కొన్ని నోడ్లు లాటరీ పద్ధతిలో క్లస్టర్ హెడ్లవుతాయి, తమ గుంపు డేటా అందుకుని, కలిపి, బేస్ స్టేషన్‌కి పంపుతాయి. క్లస్టర్ హెడ్‌ని ఎంచుకునే సూత్రాన్ని కొంచెం మార్చి, మాట్‌ల్యాబ్‌లో నడిపి, బతికున్న నోడ్ల గ్రాఫు గీసి పాతదానితో పోలుస్తారు. ఈ పనిలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే తేడాలు, వాటి కారణాలు, సరిచేసే పద్ధతి రాస్తున్నాను. లీచ్ మిగతా వివరాలు మీకు తెలుసనే అనుకుంటాను.

లెక్కలన్నీ అందరూ వాడే విలువలతోనే చేద్దాం. 100 మీటర్ల చదరం, 100 నోడ్లు, నోడుకి 0.5 జౌల్, మధ్యలో బేస్ స్టేషన్, 4000 బిట్ల ప్యాకెట్, క్లస్టర్ హెడ్ల వాటా 0.1. సర్క్యూట్ ఖర్చు బిట్‌కి 50 నానోజౌల్, డేటా కలిపే ఖర్చు 5 నానోజౌల్. యాంప్లిఫయర్ ఖర్చు బిట్‌కి, దగ్గరి దూరాలకి 10 పికోజౌల్ ఇంటూ దూరం వర్గం, ఎక్కువ దూరాలకి 0.0013 పికోజౌల్ ఇంటూ దూరం నాలుగో ఘాతం.

ముందు కాగితం మీద ఒక్క రౌండు

లక్షణం ఏదైనా సరే, కోడ్ తెరిచే ముందు ఒక నోడుకి ఒక రౌండు ఖర్చు చేత్తో వేయండి. ఐదు నిమిషాల పని. దీన్ని వదిలేసి వారాల తరబడి కోడ్ తిరగేసేవాళ్లే ఎక్కువ.

మామూలు నోడు 15 మీటర్ల దూరంలోని హెడ్‌కి 4000 బిట్లు పంపితే సర్క్యూట్‌కి 0.2 మిల్లీజౌల్, యాంప్లిఫయర్‌కి 0.009. మొత్తం 0.21 అనుకోండి. పది మంది ఉన్న క్లస్టర్‌లో హెడ్ తొమ్మిది ప్యాకెట్లు అందుకోవడానికి 1.8, పది కలపడానికి 0.2, బేస్ స్టేషన్‌కి పంపడానికి ఇంకో 0.26. అంటే సుమారు 2.26 మిల్లీజౌల్. హెడ్ పని అందరికీ వంతులవారీగా వస్తుంది కాబట్టి నోడుకి రౌండుకి సగటున 0.415 మిల్లీజౌల్ పడుతుంది. 0.5 జౌల్‌ని దీంతో భాగిస్తే 1200 రౌండ్లు. మీ గ్రాఫు ఎక్కువగా పడిపోవాల్సింది ఆ చుట్టుపక్కలే.

రెండో అంకె ఇంకా గట్టిది. పక్కనే ఉన్న నోడుకి పంపినా సర్క్యూట్ ఖర్చు 0.2 మిల్లీజౌల్ తప్పదు. కాబట్టి 0.5 జౌల్‌తో ఏ నోడైనా 2500 సార్లకి మించి పంపలేదు. 2500 రౌండ్లు దాటి ఒక్క నోడు బతికున్నా అది కొన్ని రౌండ్లలో ఏమీ పంపలేదన్నమాట. నోడుకి 1 జౌల్ అయితే ఈ హద్దు 5000, 2 జౌల్ అయితే 10,000. 1200, 2500 అనే ఈ రెండు అంకెలూ గోడమీద రాసి పెట్టుకోండి.

నోడ్లు పదుల రౌండ్లలోనే చచ్చిపోతున్నాయి

యూనిట్ల తప్పు. వర్గం సూత్రం నుంచి నాలుగో ఘాతం సూత్రానికి మారే హద్దు దూరాన్ని, అంటే రెండు యాంప్లిఫయర్ విలువల నిష్పత్తికి వర్గమూలాన్ని, ప్రింట్ చేయండి. 87.7 మీటర్లు రావాలి. 2.77 వస్తే 0.0013 పక్కన పికోకి బదులు నానో రాశారు. అలాంటప్పుడు 50 మీటర్లకి ఒక్కసారి పంపడానికే 32 మిల్లీజౌల్ పైన పోతుంది, పదిహేను సార్లు పంపేసరికి నోడు అయిపోతుంది.

పదుల్లో కాక 150 రౌండ్ల చుట్టూ చస్తుంటే ప్యాకెట్ సైజు చూడండి. 4000 బిట్లు రాయాల్సినచోట 4000 బైట్లు తీసుకుని మళ్లీ 8తో గుణించి ఉంటారు.

బేస్ స్టేషన్ స్థానం కూడా చూసుకోండి. 2002లో హైంజెల్‌మాన్, చంద్రకాసన్, బాలకృష్ణన్ ప్రచురించిన లీచ్ పేపర్‌లో బేస్ స్టేషన్ (50, 175) దగ్గర ఉంటుంది, నోడుకి 2 జౌల్. మధ్యలో పెట్టుకుని 0.5 జౌల్‌తో నడిపి ఆ పేపర్ గ్రాఫుతో పోలిస్తే ఎప్పటికీ కలవదు. మధ్యలో ఉంటే ఏ నోడుకైనా గరిష్ఠ దూరం 70.7 మీటర్లే, నాలుగో ఘాతం లెక్క అసలు రాదు. (50, 175)లో ఉంటే అతి దూరపు మూల 182 మీటర్లు, అక్కణ్నుంచి ఒక ప్యాకెట్‌కి యాంప్లిఫయరే 5.7 మిల్లీజౌల్ లాగేస్తుంది.

రన్ చేసిన ప్రతిసారీ అంకెలు మారుతున్నాయి

మారాలి కూడా, అది తప్పు కాదు. తప్పల్లా ఒక్కో అల్గారిథమ్‌ని ఒక్కో లేఅవుట్ (నోడ్ల అమరిక) మీద నడిపి పోల్చడం. రెండింటికీ ఒకే సీడ్ (ర్యాండమ్ సంఖ్యల మొదలు విలువ) ఇస్తే సరిపోతుందనుకోవద్దు. నోడ్లు పెట్టేలోపు ఒక కోడ్ ర్యాండమ్ సంఖ్యలు ఎక్కువ వాడుకుంటే అక్కణ్నుంచి అంతా జరిగిపోతుంది. నోడ్ల స్థానాలు ఒక్కసారి తయారుచేసి ఫైల్‌లో దాచి, రెండు కోడ్‌లూ అదే ఫైల్ చదివేలా చేయండి. అలాంటి ముప్పై లేఅవుట్‌ల మీద నడిపి సగటుతోపాటు వ్యాప్తి కూడా ఇవ్వండి. ఒక్క రన్ గ్రాఫుతో ఏదీ తేలదు.

మొదటి నోడు సరిగ్గానే చస్తోంది, చివరి నోడు మాత్రం వేల రౌండ్లు సాగుతోంది

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. గ్రాఫు మొదటి సగం పేపర్లలో చూసినట్టే ఉంటుంది, అందుకే అనుమానం రాదు. తర్వాత ఆ గీత నేలకి ఆనుకుని 3000 దాకా, ఒక్కోసారి 4000 దాకా పాకుతుంది. చూసినవాళ్లు నెట్‌వర్క్ చాలాకాలం బతికిందని సంతోషిస్తారు. కానీ 2500 దాటడం కుదరదని పైన లెక్క వేశాం.

చేతులు మారుతూ తిరిగే మాట్‌ల్యాబ్ కోడ్‌లో మామూలు నోడ్ల ఖర్చు లెక్కించే భాగం తెరవండి. నోడు మామూలుదేనా, శక్తి సున్నా కన్నా ఎక్కువా అని చూశాక లోపల ఇంకో ఇఫ్ ఉంటుంది: 'క్లస్టర్ మైనస్ 1' విలువ 1 లేదా అంతకన్నా ఎక్కువైతేనే ముందుకు వెళ్లమని. కౌంటర్ 1 నుంచి మొదలవుతుంది కాబట్టి ఆ మైనస్ 1 అంటే ఈ రౌండులో ఎన్నికైన హెడ్ల సంఖ్యే. చాలా కాపీల్లో ఈ ఇఫ్‌కి ఎల్స్ లేదు. ఒక్క హెడ్ కూడా ఎన్నిక కాని రౌండులో ఎవరూ ఏమీ పంపరు, ఎవరి శక్తీ తగ్గదు, రౌండు సంఖ్య మాత్రం ఒకటి పెరుగుతుంది. గ్రాఫులో అది బతికిన రౌండుగానే పడుతుంది. దీన్నే ఖాళీ రౌండు అంటున్నాను.

ఇలాంటివి ఎన్ని వస్తాయో చూడండి. లీచ్‌లో పది రౌండ్ల ఎపోక్ (విడత)లో ప్రతి నోడూ ఒకసారి హెడ్ అవుతుంది, ఏ రౌండులో అవుతుందన్నది సమాన అవకాశం. కాబట్టి ఒక రౌండులో ఎవరూ హెడ్ కాకపోయే అవకాశం 0.9ని బతికున్న నోడ్ల సంఖ్య ఘాతానికి పెంచితే వస్తుంది. 100 నోడ్లుంటే లక్షకి సుమారు మూడు రౌండ్లు, అంటే లేనట్టే. 20 ఉంటే 12 శాతం, 10 ఉంటే 35 శాతం, 5 ఉంటే 59 శాతం. ఒక్కటే మిగిలితే పదింట తొమ్మిది రౌండ్లు ఖాళీ. అందుకే మొదటి నోడు చావు అంకె బాగుంటుంది, చివరి నోడుది పాడవుతుంది.

బేస్ స్టేషన్‌కి 40 మీటర్ల దూరంలో 0.05 జౌల్‌తో ఒక్క నోడే మిగిలిందనుకోండి. హెడ్ అయిన రౌండులో దానికి 0.284 మిల్లీజౌల్ ఖర్చు, మిగతా రౌండ్లలో నేరుగా పంపితే 0.264. న్యాయంగా అది 190 రౌండ్లలో అయిపోవాలి. ఎల్స్ లేని కోడ్‌లో పది రౌండ్లకి ఒక్కసారే 0.284 పోతుంది కాబట్టి 1760 రౌండ్లు సాగుతుంది.

లీచ్‌లోనే ఇలా ఉంటే, మార్చిన అల్గారిథమ్‌లో ఇంకా ముప్పు. లీచ్‌లో నోడు తీసిన ర్యాండమ్ సంఖ్య థ్రెషోల్డ్ అనే విలువ కన్నా తక్కువైతేనే అది హెడ్ అవుతుంది. ఎక్కువమంది చేసే మార్పు ఆ థ్రెషోల్డ్‌ని మిగిలిన శక్తి బై మొదటి శక్తితో గుణించడం. ఆలోచన మంచిదే. కానీ అందరి శక్తీ పదో వంతుకి దిగాక థ్రెషోల్డ్ కూడా పదో వంతవుతుంది. అప్పుడు 20 నోడ్లుంటే ఎపోక్ మొదటి రౌండు ఖాళీ అయ్యే అవకాశం 82 శాతం. అదే స్థితిలో మామూలు లీచ్‌కి 12 శాతమే. నోడ్లు పని మానేసి కూర్చున్నాయి, గ్రాఫు మాత్రం ఆయుష్షు పెరిగిందని చూపిస్తుంది. థీసిస్‌లో మెరుగుదల అని రాసే శాతంలో చాలా భాగం ఇదే కావచ్చు. శక్తితో గుణిస్తే థ్రెషోల్డ్ మరీ కిందికి పడి నెట్‌వర్క్ ఆగిపోతుందని 2002లోనే హ్యాండీ, హాసె, టిమ్మర్‌మాన్ గమనించి, చాలాకాలం హెడ్ కాని నోడుకి థ్రెషోల్డ్ పెంచే పదాన్ని సూత్రంలో కలిపారు. ఆ పదాన్ని వదిలేసి మొదటి గుణకారం ఒక్కటే ఎత్తుకొచ్చే కోడ్‌లు ఇప్పటికీ కనిపిస్తాయి.

పట్టుకోవడం సులువు. ప్రతి రౌండు మొదట్లో, చివర్లో మొత్తం శక్తిని కూడి తేడా ఒక అర్రేలో దాచండి. బతికున్న నోడ్లుండి తేడా సున్నా అయిన రౌండ్లని లెక్కపెట్టండి. ఆ లెక్క సున్నా రావాలి.

సరిచేయడం: ఎల్స్ రాయండి. హెడ్ లేని రౌండులో బతికున్న ప్రతి నోడూ బేస్ స్టేషన్‌కి నేరుగా పంపినట్టు శక్తి తగ్గించండి. అక్కడ కూడా హద్దు దూరం కన్నా తక్కువా ఎక్కువా అని చూసి రెండు సూత్రాల్లో సరైనదే వాడాలి. బేస్ స్టేషన్‌కి చేరిన ప్యాకెట్ల లెక్కలో వీటినీ కలపండి. ఈ మార్పు పాత లీచ్ కోడ్‌లోనూ మీ కోడ్‌లోనూ ఒకేలా ఉండాలి. కొందరు హెడ్ లేకపోతే అత్యధిక శక్తి ఉన్న నోడుని హెడ్‌గా పెట్టేస్తారు. అది కొత్త నియమం, మీ అల్గారిథమ్‌లో భాగంగా పేర్కొని రాయండి. దాన్ని మీ కోడ్‌లో మాత్రమే చేర్చి లీచ్‌తో పోల్చడం అన్యాయం.

ఆ భాగంలోనే ఇంకో తప్పు కూడా పక్కనే ఉంటుంది. కనిష్ఠ దూరాన్ని మొదట నోడుకీ బేస్ స్టేషన్‌కీ మధ్య దూరంగా పెట్టి, దగ్గరి హెడ్ నంబరుగా 1 ఇస్తారు. అన్ని హెడ్ల కన్నా బేస్ స్టేషనే దగ్గరగా ఉన్న నోడుకి లూప్ అయ్యాక ఏదీ మారదు. ఆ నోడు తన వంతుగా బేస్ స్టేషన్ దూరానికే ఖర్చు పెడుతుంది, కానీ అందుకున్న ఖర్చు 0.22 మిల్లీజౌల్ మాత్రం సంబంధం లేని మొదటి హెడ్ మీద పడుతుంది. హెడ్లని నోడు నంబరు వరసలో ఎంచుకుంటారు కాబట్టి చిన్న నంబరు నోడ్లు ముందు చస్తాయి. చనిపోయిన నోడ్ల నంబర్లని వరసగా ప్రింట్ చేస్తే కనిపించేస్తుంది. హెడ్ నంబరు 0తో మొదలుపెట్టి, 0గానే మిగిలితే ఏ హెడ్ శక్తీ తగ్గించకండి.

మీ అల్గారిథమ్ అన్నింట్లో చాలా ఎక్కువ తేడాతో గెలుస్తోంది

ఖాళీ రౌండ్లు సరిచేశాక కూడా అలాగే ఉంటే కంట్రోల్ మెసేజ్‌లు, అంటే డేటా కాక హెడ్ల ఎంపిక కోసం నోడ్లు పంపుకునేవి, ఉచితంగా పోతున్నాయేమో చూడండి. పొరుగువాళ్ల మిగిలిన శక్తి, సగటు శక్తి, దూరాలు వాడే సూత్రమైతే ఆ సమాచారం రేడియో మీదే రావాలి. మెసేజ్ 200 బిట్లే అనుకున్నా, ఒక నోడు పది హెడ్ల ప్రకటనలు వినడానికి 0.1 మిల్లీజౌల్ పడుతుంది. డేటా పంపే ఖర్చు 0.21 అని గుర్తుంచుకోండి, దాదాపు సగం. అసలు లీచ్‌లో ఒక రౌండులో చాలాసార్లు డేటా పంపుతారు కాబట్టి ఈ ఖర్చు పంచుకుపోతుంది. రౌండుకి ఒక్కసారే పంపే మాట్‌ల్యాబ్ కోడ్‌లో అలా కాదు. రెండు అల్గారిథమ్‌లకీ ఈ ఖర్చు కలిపి మళ్లీ నడపండి. బతికున్న నోడ్ల గ్రాఫు పక్కన, బేస్ స్టేషన్‌కి చేరిన మొత్తం ప్యాకెట్ల గ్రాఫు కూడా పెట్టండి. పని చేయకుండా బతికితే అక్కడ దాగదు.

సిమ్యులేషన్‌లో ఏళ్లు, అసలు బోర్డు మీద వారం కూడా లేదు

రేడియో ఎప్పుడూ ఆన్‌లో ఉంది. టెలోస్‌బీ అనే సెన్సర్ బోర్డులోని సీసీ2420 రేడియో చిప్ పూర్తి శక్తితో పంపేటప్పుడు 17.4 మిల్లీఆంపియర్లు, వినేటప్పుడు 18.8 లాగుతుంది. ఎవరూ ఏమీ పంపకపోయినా వింటూ కూర్చోవడానికి అంతే ఖర్చు. 2500 మిల్లీఆంపియర్-అవర్ బ్యాటరీలు 133 గంటల్లో, అంటే అయిదున్నర రోజుల్లో అయిపోతాయి. పైన వాడిన మోడల్‌లో ఈ ఖర్చు లేనే లేదు. ఇలాంటి బోర్డుల ఆపరేటింగ్ సిస్టమ్ కాంటికీలో ఉండే ఎనర్జెస్ట్ మాడ్యూల్‌తో రేడియో ఎంతసేపు ఆన్‌లో ఉందో కొలవండి, రేడియోని ఎక్కువసేపు ఆపి ఉంచే డ్యూటీ సైక్లింగ్ మ్యాక్ ప్రోటోకాల్ పెట్టండి, హెడ్ మాత్రం తన గుంపు నోడ్లు వంతులవారీగా పంపే టైమ్ స్లాట్‌లు నడిచినంతసేపూ వినాల్సిందేనని లెక్కలో రాసుకోండి.

అరుదైనవి

శక్తి మైనస్‌లోకి వెళ్లిన నోడు ఆ రౌండు చివరిదాకా హెడ్‌గా ఉండటం, 1 బై వాటా పూర్ణసంఖ్య కాకపోతే ఎపోక్ రీసెట్ తప్పిపోవడం, చనిపోయిన నోడుని రెండుసార్లు లెక్కించడం. మొదటిదానివల్ల ఒకటి రెండు రౌండ్లకి మించి తేడా రాదు. రెండోదానికి రౌండ్ చేసిన విలువనే అన్నిచోట్లా వాడండి. మూడోది బతికినవి ప్లస్ చచ్చినవి 100 అవుతున్నాయా అని చూస్తే దొరుకుతుంది.