జంట ఫోటో పాఠాలు – 4: ఇద్దరి మధ్య జాగా

కిందటి పాఠంలో వెలుతురు సంగతి చూశాం. ఒడిశా తీరంలోని మన గోపాల్‌పూర్‌లో సముద్రం తూర్పు వైపు ఉంటుంది కాబట్టి, అలల్ని వెనక పెట్టి జంటను నిలబెడితే పొద్దున ఎండ వాళ్ల వీపు మీద పడుతుంది, సాయంత్రం అదే చోట మొహం మీద పడుతుంది. మీకు కావలసిన పూట ఎంచుకున్నారు, సరే. ఇక ఆ ఇద్దర్నీ ఎలా నిలబెట్టాలి?

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు మన ఇళ్లలో ఉన్న జంట ఫోటోలు ఓసారి తీసి చూడండి. ఇద్దరూ పక్కపక్కనే, నాలుగు పాదాలూ ఒకే గీత మీద, భుజాలు రెండూ కెమెరాకి ఎదురుగా, చేతులు కిందికి వేలాడుతూ ఉంటారు. మొహాలు ఎంత బాగున్నా ఫోటో బిగుసుకుపోయి కనిపిస్తుంది. అందరూ చిరునవ్వు లేకపోవడం వల్ల అనుకుంటారు. నేను మాత్రం ముందు ఇద్దరి మధ్య ఉన్న జాగా చూడమంటాను. మెడ దగ్గర నుంచి నడుము దాకా సన్నటి చీలికలా సముద్రమో ఆకాశమో తెల్లగా మెరుస్తూ ఉంటుంది. మన కన్ను ఫ్రేములో బాగా వెలుగున్న చోటికే ముందు పోతుంది. అంటే చూసేవాళ్లు ఆ ఇద్దరికంటే ముందు ఆ చీలికను చూస్తారు.

అందుకని ఆ జాగాను పూర్తిగా మూసేయాలి, లేదా కావాలనే పెట్టినట్టు తెలిసేంత వెడల్పుగా తెరవాలి. నడిమధ్యన వదిలేస్తేనే చిక్కు.

మూయడానికి “దగ్గరికి జరగండి” అంటే చాలదు. అలా అనగానే ఇద్దరూ తలలు మాత్రం వంచుతారు, పాదాలు ఉన్నచోటే ఉంటాయి. పైన తలలు కలిసి కింద కాళ్లు దూరంగా, పూరిపాక కప్పులా తయారవుతుంది. పాదాల దగ్గర నుంచి మొదలుపెట్టండి. “బాబూ, మీరు కొంచెం ఆవిడ వైపు తిరగండి. అమ్మా, మీరు ఆయన వైపు. ఇప్పుడు మీ ముందు పాదం ఆయన రెండు పాదాల మధ్యకు రానివ్వండి.” పూర్తిగా ఎదురెదురు కాదు, సుమారు నలభై అయిదు డిగ్రీలు తిరిగితే చాలు. పాదం కదిలితే నడుము దగ్గరవుతుంది, నడుము దగ్గరైతే ఆమె భుజం అతని ఛాతీ ముందుకు వస్తుంది. తల గురించి మీరు చెప్పాల్సిన పనే ఉండదు. ఒంటి బరువు ఒక కాలి మీద వేసి రెండో మోకాలు వదులుగా ఉంచమనండి. రెండు కాళ్ల మీదా సమంగా నిలబడితే పరేడ్‌లో ఉన్నట్టుంటుంది.

ఎవరు ఏ పక్కన? మన ఆచారంలో భార్య భర్తకు ఎడమ పక్కన ఉండాలి. అంటే ఫ్రేములో మనకు కుడి వైపు. అక్కడి నుంచి ఆమె అతని వైపు తిరిగితే ఎడమ భుజం కెమెరా వైపుకు వస్తుంది. కొంగు ఉండేది ఆ భుజం మీదే కాబట్టి అంచు మొత్తం కనిపిస్తుంది. ఆచారమూ చీరా ఇక్కడ ఒకే మాట చెబుతున్నాయి. కుడి భుజం మీద కొంగు వేసుకునే కట్టైతే లెక్క తారుమారు.

మన గంజాం జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. బరంపురం పట్టుకు అందం అంచులోని ఫొడా కుంభ, గుడి గోపురాలు వరసగా పేర్చినట్టుండే నేత. ఆడవాళ్ల చీరకీ మగవాళ్ల జోడా పంచెకీ కలిపే భౌగోళిక గుర్తింపు వచ్చింది. జంటగా కట్టుకున్నప్పుడు రెండు అంచులూ కనిపించాలి. అతని చేయి ఆమె నడుము మీద పడి అంచును అడ్డంగా కప్పేస్తే, నేసినవాళ్ల కష్టమంతా పోయినట్టే. నాలుగు వేళ్లు పైకి జరిపించండి.

చేతుల మాట వచ్చింది కాబట్టి ఇంకాస్త. కనిపించే ప్రతి చేతికీ ఏదో ఒక పని ఇవ్వాలి: కొంగు సర్దడం, కండువా పట్టుకోవడం, ఎదుటివాళ్ల మోచేతి మీద ఆనడం. చేతి వెనక భాగం కెమెరాకి ఎదురుగా ఉంటే పెద్దగా కనిపిస్తుంది. మణికట్టు కొంచెం తిప్పి, చిటికెన వేలి వైపు చూపిస్తే సన్నగా ఉంటుంది. వెనక నుంచి నడుము చుట్టూ వేసిన చేయి అయితే మణికట్టు దాకా కనిపించాలి, లేదా అసలు కనిపించకూడదు. వేళ్ల కొసలు మాత్రం ఇవతలికి వస్తే అవి ఎవరివో తెలియక చూసేవాళ్లు తికమక పడతారు.

ఇప్పుడు జాగా తెరిచే పద్ధతి. మన వైపు దీని అవసరమే ఎక్కువ, ఎందుకంటే పెళ్లి కాని జంట వస్తుంది, వెంట పిన్నో మేనత్తో వస్తుంది. పెద్దవాళ్ల ముందు ముట్టుకోమంటే ఆ అమ్మాయి మొహంలో ఇబ్బంది తెలిసిపోతుంది. దయచేసి అలా అడగవద్దు. మూరెడు దూరం ఉంచి, ఒకరి చూపు రెండోవారి మీద ఉండేలా పెట్టండి. చూపు ఆ దూరాన్ని దాటుతుంది కాబట్టి జాగా ఖాళీగా అనిపించదు. అతన్ని కూర్చోబెట్టి ఆమెను నిలబెట్టినా బాగుంటుంది. కళ్లు ఒకే ఎత్తులో లేకపోతే రెండు మొహాల మధ్య ఏటవాలు గీత ఏర్పడి ఫోటోకి ఊపు వస్తుంది. ఒకరి కళ్లు రెండోవారి పెదవుల ఎత్తుకు వస్తే నాకు చాలా ఇష్టం. పొడవులో తేడా మరీ ఎక్కువైతే తారాతారిణి కొండ మెట్ల మీద పొడుగువాళ్లను ఒక మెట్టు కింద నిలబెట్టండి.

సముద్రం దగ్గర ఇంకొకటి. నీళ్లు ఆకాశాన్ని కలిసే గీత మెడల మీదుగా పోతే తలలు కోసినట్టు కనిపిస్తుంది. జంటను ముందుకీ వెనక్కీ నడిపించి లాభం లేదు. మీరూ వాళ్లూ ఒకే మట్టాన ఉన్న నేల మీద ఉంటే, ఆ గీత ఎప్పుడూ మీ లెన్సు ఉన్న ఎత్తులోనే వాళ్లను దాటుతుంది. మీరు నిలబడి తీస్తే లెన్సు వాళ్ల మెడ ఎత్తులో ఉంటుంది, గీతా అక్కడే పడుతుంది. ఒక మోకాలి మీద కూర్చుంటే గీత నడుము దగ్గరకు దిగుతుంది. ఒడ్డున ఎత్తైన ఇసుక మీదకో గట్టు మీదకో ఎక్కితే తలల పైకి పోతుంది. మోకాళ్లకు ఇసుక అంటినా సరే, కూర్చోండి.

ఫ్రేము అంచు కీళ్ల దగ్గర పడకూడదు: మోకాలు, చీలమండ, మణికట్టు. నడుము దగ్గరో తొడ మధ్యలోనో కోయండి.

లెన్సు గురించి ఎక్కువ చెప్పను. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 85 ఎం.ఎం. పెట్టి మూడు మీటర్ల దూరం నుంచి ఎఫ్ 1.8 లో (అంటే లెన్సు కంత బాగా తెరిచి; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ కంత చిన్నదవుతుంది) తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు సుమారు 13 సెంటీమీటర్లే. ఒకరి భుజం రెండోవారి ముందుకు వచ్చాక రెండు మొహాల మధ్య అంతకన్నా ఎక్కువ దూరం ఉండొచ్చు, వెనకవాళ్లు మసకబారతారు. ఎఫ్ 4 కి వస్తే అదే లోతు 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. వెనక సముద్రం అప్పటికీ తగినంత మెత్తగానే ఉంటుంది. ఫోకస్ మాత్రం మనకు దగ్గరగా ఉన్న మొహం కంటి మీద పెట్టండి.

పోజు కుదిరిందని తెలియగానే ఒకటి తీయండి, కెమెరా దించకండి. “అయిపోయింది” అనగానే ఇద్దరూ ఊపిరి వదిలి ఒకర్నొకరు చూసుకుంటారు. రెండోది అప్పుడు తీయాలి.

ఈ వారం సాధనకు జంటే కావాలని లేదు. అమ్మానాన్నల్ని మేడ మీదకు తీసుకెళ్లండి. జాగా మూసి ఒకటి, తెరిచి ఒకటి, రెండింటినీ నిలబడీ కూర్చునీ తీయండి. తర్వాత ఫోన్‌లో ఆ ఫోటోలను తలకిందులు చేసి చూడండి. మొహాలు గుర్తుపట్టడం కష్టమై, మధ్యలో ఉన్న జాగా ఆకారమే ముందు కనిపిస్తుంది. అయిదో పాఠంలో మండపం లోపలికి, పసుపు బల్బుల కిందికి వెళ్దాం. అక్కడ జంట కూర్చునే ఉంటుంది, వాళ్లను కదిలించే వీలుండదు, కదలాల్సింది మనమే.