జర్మన్, జపనీస్ రెండూ కలిపి నేర్చుకోవాలంటే

రెండు విదేశీ భాషలు ఒకేసారి నేర్చుకోవచ్చు కానీ ఒకే రోజున మొదలుపెట్టకూడదు. ఒకటి ముందు నడవాలి, రెండోది ఒక మెట్టు వెనక రావాలి. రెంటికీ సగం సగం సమయం ఇస్తామని కూర్చున్నవాళ్ళలో చాలామంది మూడో నెలకల్లా ఒకటి వదిలేస్తారు. తరచు వదిలేది, అసలు అవసరమైనదాన్నే.

ఇక్కడ జర్మన్, జపనీస్ జంటను తీసుకుంటున్నాం. చదువుకో ఉద్యోగానికో మనవాళ్ళు అడిగే భాషల్లో ఈ రెండూ ఉన్నాయి. పైగా లిపిలో, వాక్యంలో, పదాల్లో వీటికి ఒకదానితో ఒకటి పోలిక లేదు. జంట ఎంచుకునేటప్పుడు చూడాల్సింది అదే. స్పానిష్‌తో ఇటాలియన్, జర్మన్‌తో డచ్ కలిపి మొదలుపెడితే ఏ మాట ఎక్కడిదో తేలదు. అలాంటివి కావాలంటే ఒకటి బి1 (ఎ1 నుంచి సి2 దాకా ఉండే ఆరు యూరోపియన్ స్థాయిల్లో మూడోది) దాటాకే రెండోది ముట్టుకోండి. దూరపు భాషలైతే మొదటిది ఎ1 పూర్తయి ఎ2లో పడితే చాలు.

ఏడాదిలోపు వీసా గడువు ఉన్నవాళ్ళు, ఉదాహరణకు నర్సు ఉద్యోగానికి జర్మనీ వెళ్ళేవాళ్ళు, ఈ పని పెట్టుకోవద్దు. అక్కడ సాధారణంగా బి2 దాకా అడుగుతారు. ఆ జర్మన్ పూర్తి చేయండి, జపనీస్ ఎక్కడికీ పోదు.

సమయం లెక్క

జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం జర్మన్ ఎ1కి 45 నిమిషాల పీరియడ్లు 80 నుంచి 200 దాకా, బి1కి 350 నుంచి 650 దాకా పడతాయి. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు జపనీస్ నేర్పడానికి సుమారు 2200 తరగతి గంటలు వేసుకుంటుంది. అది ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళ లెక్క. వ్యాకరణం విషయంలో తెలుగువాళ్ళకు అంత కష్టం ఉండదు. కాంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) విషయంలో మాత్రం మినహాయింపు లేదు. జపాన్ ప్రభుత్వం రోజువారీ వాడుకకని ఇచ్చిన జాబితాలో 2136 కాంజీలున్నాయి.

రోజుకు 70 నిమిషాలు దొరుకుతాయనుకుందాం. పొద్దున 50 నిమిషాలు జర్మన్, రాత్రి 20 నిమిషాలు జపనీస్. ఈ 20 నిమిషాలు రోజూ ఉండాలి. ఆదివారం రెండున్నర గంటలు కూర్చుని వారానికి సరిపెడదామంటే బుధవారానికే సగం ఎగిరిపోతుంది. చిన్న భాషకు, అంటే తక్కువ సమయం ఇచ్చేదానికి, మామూలు రోజుల్లో కొత్త వ్యాకరణం పెట్టకండి. పాత కార్డులు (ఒకవైపు మాట, ఇంకోవైపు అర్థం ఉండేవి) తిరగేయడం, ఐదు కొత్త మాటలు, ఒక చిన్న సంభాషణ వినడం, అంతే. కొత్త పాఠం శనివారం ఒక్కసారి. రెండింటినీ ఒకే పూట చేయక తప్పకపోతే మధ్యలో అరగంట వేరే పని చూసుకోండి. పాఠం మొదలుపెట్టే ముందు ఆ భాషలో నిన్నటి పేరా మూడు నిమిషాలు పైకి చదవండి. నోరు ఆ భాషకు తిరుగుతుంది.

ఈ కార్డుల కోసం యాంకీ యాప్ వాడేవాళ్ళు రెండు భాషల డెక్‌లనూ (కార్డుల కట్టలనూ) ఒకే పెద్ద డెక్ కింద పెట్టొద్దు. అలా పెట్టి పెద్దదాన్ని తెరిస్తే కార్డులు కలిసి వస్తాయి. కొత్త కార్డులు జర్మన్‌కు ఎనిమిది, జపనీస్‌కు ఐదు మించొద్దు. రోజుకు పది కొత్తవి వేస్తూ పోతే కొన్ని వారాల్లో రోజూ వంద దాకా పాతవి తిరిగి అడుగుతుంది. ఈ సంగతి మొదటి వారంలో ఎవరికీ కనిపించదు.

జపనీస్‌ను తెలుగులోంచి పట్టుకోండి

కోచింగుల్లో జపనీస్‌ను ఇంగ్లీషు ద్వారా చెప్తారు. తెలుగు పిల్లలకు అది చుట్టుదారి. "నేను హైదరాబాదులో అన్నం తిన్నాను" అనేదాన్ని "వతషి వ హైదరాబాద్ దె గొహన్ ఒ తబెమషిత" అంటారు. మాటల వరస అదే, చివర క్రియ అదే. "లో" ఉన్నచోటే "దె", "ను" రావాల్సిన చోటే "ఒ".

అసలు లాభం క్రియల దగ్గర. "తబెతె" అంటే "తిని". "తబెతె మిమషిత" అంటే "తిని చూశాను". "మిరు" అంటే నిజంగానే చూడటం. "షితె ఒకిమషిత" అంటే "చేసి పెట్టాను", "ఒకు" అంటే పెట్టడం. ఇంగ్లీషు పుస్తకంలో రెండు పేజీల వివరణ తీసుకునే ఈ రూపాలు మనకు ఒక్క వాక్యంతో అందుతాయి. అందుకే జపనీస్ నోట్సులో అర్థాలు తెలుగులో రాసుకోండి, జర్మన్ నోట్సులో ఇంగ్లీషులో రాసినా పర్వాలేదు. రెండు భాషలకు రెండు వేర్వేరు ఆధారాలు ఉండటం వల్ల కలగాపులగం కూడా తగ్గుతుంది.

కానా (జపనీస్‌లో ఉచ్చారణను చూపే లిపి) అక్షరాల వరస కూడా మనకు తెలిసిందే. అ, ఇ, ఉ, ఎ, ఒ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. సంస్కృత వర్ణమాల ప్రభావంతో ఏర్పడిన వరస అది. కానాలో రెండు రకాలు: హిరగానాలో 46, కతకానాలో 46 ప్రాథమిక అక్షరాలు. రోజుకొక వరస చొప్పున రెండు వారాల్లో హిరగానా, ఇంకో రెండు వారాల్లో కతకానా. ఆ నెలరోజులూ ఉచ్చారణను తెలుగులో రాసుకోండి, ఇంగ్లీషు అక్షరాల్లో వద్దు. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం జపనీస్‌లో అర్థాన్ని మార్చేస్తాయి. "ఒబసన్" పిన్నో అత్తో, "ఒబాసన్" అమ్మమ్మో నాయనమ్మో. "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే పోస్టు స్టాంపు. ఈ తేడాలు తెలుగు లిపిలో కళ్ళకు కనిపిస్తాయి. ఇంగ్లీషు అక్షరాలు చూసి చదివితే మన పత్రికల్లో వచ్చే "ఒసాకా" లాంటివే నోటికి వస్తాయి. వాళ్ళు పలికేది "ఓసక". నెల దాటాక మాత్రం తెలుగు అక్షరాలూ ఆపేసి కానాలోనే చదవాలి.

ఎక్కడ కలిసిపోతాయి

నామవాచకాలు పెద్దగా కలవవు. కలిసేవి చిన్న మాటలు: మరి, కానీ, ఎక్కడ, ఎప్పుడు, అవును, అంకెలు. ఆలోచించకుండా నోటికొచ్చేవి అవే కాబట్టి ముందు దొరికింది బయటికి వస్తుంది. జర్మన్‌లో "యా" (అవును) అనబోయి జపనీస్ "హై" అంటారు. జర్మన్‌లో "హై" అంటే సొరచేప, కాబట్టి కనీసం ఎదుటివాళ్ళు నవ్వుతారు. ఇలాంటి మాటలు ముప్పై రాసుకుని వాటిని విడిగా కాకుండా వాక్యాల్లోనే పెట్టి చదవండి. ఒక్కో మాటకు మూడు వాక్యాలు చాలు.

అంకెలకు ప్రత్యేకంగా వారానికి రెండుసార్లు పదేసి నిమిషాలు కేటాయించండి. జపనీస్‌లో 25 "నిజూ గొ", ఇరవై ఐదు లాగే. జర్మన్‌లో ఐదు ముందు వస్తుంది, ఇరవై వెనక. జపనీస్ రోజున జర్మన్ ఫోన్ నంబరు వింటే 52, 25 తారుమారవుతాయి. ఎవరైనా జంట అంకెలు చదువుతుంటే వింటూ రాయడం దీనికి మందు. మొత్తం వినేదాకా ఆగి రాయాలి. గడియారం దగ్గర ఇంకో గండం ఉంది. రెండున్నరను జపనీస్‌లో "నిజి హన్" అంటారు, మనలాగే రెండు, సగం. జర్మన్‌లో "హాల్ప్ డ్రై" అంటారు, "డ్రై" అంటే మూడు. దాన్ని మూడున్నర అనుకుంటే రెండున్నరకు ఉన్న ఇంటర్వ్యూకి గంట ఆలస్యంగా వెళ్తారు. లక్షలూ కోట్లూ కూడా జాగ్రత్త. జపనీస్ లెక్క పదివేలకు ఒక "మన్", కాబట్టి మన లక్ష వాళ్ళకు పది మన్లు.

ఉచ్చారణలో మనవాళ్ళకు ఒక అలవాటుంది, మాట చివర అచ్చు తగిలించడం. జపనీస్ మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనో "న్"తోనో ముగుస్తాయి కాబట్టి అక్కడ అది పనికొస్తుంది. అదే జర్మన్‌కి చెరుపు. "బూఖ్" కాస్తా "బూఖు" అవుతుంది, "టిష్" "టిష్షు" అవుతుంది. జపనీస్ ఎక్కువ చేసిన వారాల్లో ఇది మరీ పెరుగుతుంది. ఫోన్‌లో రికార్డు చేసుకుని మాటల చివర్లు మాత్రమే వినండి. జర్మన్ "ఊ-ఉమ్లౌట్"కి (పైన రెండు చుక్కలున్న u) నాలుకను "ఈ"లో ఉంచి పెదవులు "ఊ"లా గుండ్రం చేయాలి. "ఓ-ఉమ్లౌట్"కి నాలుక "ఏ", పెదవులు "ఓ".

వాక్యం విషయానికొస్తే, జర్మన్ ప్రధాన వాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉండాలి, "వైల్" (ఎందుకంటే) తర్వాత వచ్చే ఉపవాక్యంలో చివరికి పోతుంది. ఉపవాక్యం మనకు సులువే. చిక్కంతా ప్రధాన వాక్యంలో, తెలుగూ జపనీసూ రెండూ కలిసి క్రియను చివరికి లాగుతాయి. ఇక లింగాన్ని చూపే డెర్, డీ, దాస్ అన్నవాటిని నామవాచకంతో కలిపి తప్ప విడిగా నేర్చుకోకండి.

పరీక్షలు, మార్పిడి

జపనీస్ స్థాయి పరీక్ష జేఎల్‌పీటీ ఏడాదికి రెండుసార్లు, జులైలో, డిసెంబరులో, మొదటి ఆదివారం జరుగుతుంది. దరఖాస్తు గడువు నెలల ముందే ముగుస్తుంది. అన్నిటికన్నా కింది స్థాయి ఎన్5 పాసవాలంటే 180కి 80, అందులో వినికిడికి విడిగా కనీసం 19 రావాలి. మాట్లాడటం, రాయడం ఇందులో లేవు, కాబట్టి ఎన్5 వచ్చినా నోరు పెగలనివాళ్ళు ఉంటారు. గోథే బి1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ ఉంటాయి. ఒక్కోదానిలో 100కి 60 తెచ్చుకోవాలి, పోయినదాన్నే మళ్ళీ రాసుకోవచ్చు. రెండు పరీక్షల మధ్య ఆరు వారాలకు తక్కువ వ్యవధి పెట్టుకోకండి.

ఒక పరీక్ష అయ్యాక వారం విరామమిచ్చి వాటాలు తిప్పండి, జపనీస్‌కు 50, జర్మన్‌కు 20. పన్నెండు వారాలు గడిచేదాకా మళ్ళీ మార్చొద్దు.

పాత కార్డులు పేరుకుని మూడు రోజుల పని వెనకబడితే కొత్తవి పూర్తిగా ఆపేయండి, ముందు చిన్న భాషలో, అది చాలకపోతే రెండింటిలో. రోజుకు 60 చొప్పున పాతవి తీర్చుకోండి. రెండు వారాలైనా తరగకపోతే చిన్న భాషను రోజుకు పది నిమిషాల వినికిడికి కుదించి, పెద్దదాని పరీక్ష అయ్యేదాకా అలాగే ఉంచండి.